మట్టపు గుండు మారదు, గోడ మారాలి

(గ్రామ కార్యకర్తల అధ్యయన తరగతిలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట నాకు ఇచ్చిన విషయం కూలి రేట్లు కాదు, భూమి పట్టాలు కాదు. దేవుడి స్వభావం మారుతుందా, మారదా అన్నది. "మాస్టారూ, మనకిప్పుడు కావాల్సింది ఇదా?" అని తమ్ముళ్ళు గుసగుసలాడుకుంటున్నారు. అడగాల్సిన ప్రశ్నే. ముందు దానికే సమాధానం చెప్తాను.

మనం ఒక పల్లెకు పోతాం. ఫలానా బంజరు మీద మీకు హక్కుంది, అర్జీ పెట్టండి అంటాం. లేదా మీ పిల్లవాణ్ణి కొట్టారు, అట్రాసిటీ కేసు పెట్టండి, మేం తోడుంటాం అంటాం. నలుగురు ముందుకొస్తారు. అప్పుడు అరుగు మీద కూర్చున్న ఓ పెద్దాయన గొంతు సవరించుకుని అంటాడు: "దేవుడు ఎవర్ని ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టాడయ్యా. ఆయన మారడు, ఆయన రాసిందీ మారదు." అంతే. సగం మంది కండువా దులుపుకుని లేచిపోతారు. పోలీసు జీపుకి భయపడని వాళ్ళు, కామందు కేకకి జంకని వాళ్ళు ఆ ఒక్క మాటకి ఆగిపోతారు. కాబట్టి అన్నలారా, ఇది ఆకాశంలో సంగతి కాదు. ఇది కూడా కూలి సంగతే, భూమి సంగతే.

మనలో దేవుడే లేడనేవాళ్ళున్నారు. బౌద్ధం తీసుకున్నవాళ్ళున్నారు. ఆదివారం చర్చికి పోయేవాళ్ళున్నారు, పోలేరమ్మకు మొక్కేవాళ్ళున్నారు. ఎవరి నమ్మకాన్నీ మార్చడానికి నేను రాలేదు. బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో చెప్పింది మనకు తెలుసు. శాశ్వతమైనదీ సనాతనమైనదీ ఏదీ లేదనీ, అన్నీ మారుతూనే ఉంటాయనీ, ఆ సంగతి హిందువులు గుర్తించాలనీ అన్నారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఆయన స్వీకరించిన బౌద్ధంలో సృష్టికర్తకు చోటే లేదు. అయితే దేవుడు లేడనే తమ్ముళ్ళకు ఒక్క మాట. నువ్వు లేడన్నా ఆ పేరు మీ అమ్మ నోట్లో ఉంది, కామందు నోట్లోనూ ఉంది. మీ అమ్మ నోట్లో అది ధైర్యం. కామందు నోట్లో అది పలుపుతాడు. ఆ మాట ఎవరిదో తేల్చకుండా మనం పల్లెలో పని చెయ్యలేం.

మన పల్లెల్లో ఎక్కువగా చదివేది బైబిలు కాబట్టి, ఇవాళ దాని మీదే మాట్లాడతాను.

మారడన్న వాదం ఎక్కడిది?

దేవుడు మారడనే వాదాన్ని తర్కంగా కట్టినవాళ్ళు గ్రీకులు. సుమారు 2400 ఏళ్ళ కింద ప్లేటో అన్నాడు: పరిపూర్ణుడైనవాడు మారితే ఎటు మారతాడు? ఇంకా మంచికి మారితే అంతకుముందు పరిపూర్ణుడు కాదు. చెడుకు మారితే ఇప్పుడు కాదు. కాబట్టి మారడు. మంచి తర్కమే, తీసిపారెయ్యక్కర్లేదు. ఆయన శిష్యుడు అరిస్టాటిల్ ఇంకో మెట్టు ఎక్కాడు. దేవుడంటే తాను కదలకుండా లోకాన్ని కదిలించేవాడు, తన్ను గురించి తానే ఆలోచించుకునేవాడు అన్నాడు. అంటే మన ఏడుపు ఆయన దాకా పోదు. పోతే ఆయన కదలాలి గదా! ఇదే అరిస్టాటిల్ కొందరు పుట్టుకతోనే బానిసలని కూడా రాశాడు. ఒక మాట నుంచే రెండో మాట పుట్టిందని నేననను. కానీ కదలని దేవుడూ, కదలని బానిసా ఒకే కలం నుంచి వచ్చారని మాత్రం గుర్తుపెట్టుకోండి.

తర్వాత క్రైస్తవ పండితులు ఈ గ్రీకు తర్కాన్ని తమ దైవశాస్త్రంలోకి తెచ్చుకున్నారు. 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్, 16వ శతాబ్దంలో జాన్ కాల్విన్ లాంటివాళ్ళకు ఒక చిక్కు వచ్చింది. దేవుడు పశ్చాత్తాపపడ్డాడనీ, మనసు మార్చుకున్నాడనీ బైబిల్లో చాలా చోట్ల ఉంది. దీన్నేం చెయ్యాలి? అది మనకు అర్థం కావడానికి మనిషి భాషలో చెప్పిన అలంకారం అన్నారు. పసిబిడ్డతో దాది ముద్దుముద్దుగా మాట్లాడినట్టు దేవుడు మనతో మాట్లాడాడని కాల్విన్ పోలిక.

సరేనండీ. నేను బడిపంతుల్ని కాబట్టి ఒక ప్రశ్న అడుగుతాను. మారడన్న వచనాలన్నీ అక్షరాలా నిజమనీ, మారాడన్న వచనాలన్నీ ముద్దుమాటలనీ తేల్చిందెవరు? ఆ తేడా పుస్తకంలో రాసి లేదు. చదివేవాడు తెచ్చి పెట్టాడు.

ఇంకో సంగతి. మండే పొద దగ్గర మోషే దేవుణ్ణి పేరు అడిగాడు. దేవుడిచ్చిన జవాబుని హీబ్రూలో "నేను ఎలా ఉంటానో అలా ఉంటాను" అని రాబోయే కాలంగా కూడా అర్థం చెప్పుకోవచ్చు. దాన్ని గ్రీకులోకి మార్చినప్పుడు "ఉన్నవాడు" అనే అర్థం వచ్చింది. ఫరో దగ్గరకు నడిచిపోయే దేవుడు అక్కడ స్థిరంగా కూర్చున్న దేవుడయ్యాడు. అనువాదంలో ఎంత జరుగుతుందో చూడండి!

ఎవరితో మారనన్నాడు, ఎవరి మాటకు మారాడు?

ఇప్పుడు అసలు విషయం. ఒక వచనం చేతికిచ్చి ఎవరైనా మిమ్మల్ని కూర్చోబెడితే, దాని ముందు వచనం ఏమిటి, వెనక వచనం ఏమిటి అని అడగండి. మారడన్న వచనాలు ఒక్కొక్కటే తీసి చూద్దాం.

మలాకీ 3వ అధ్యాయం 6వ వచనం. నేను మార్పులేనివాణ్ణని దేవుడు చెప్పేది ఇక్కడే. చర్చిలో గోడ మీద రాసుకుంటాం. దాని పైనున్న 5వ వచనం ఎవరైనా గోడ మీద రాశారా? కూలివాడి కూలి విషయంలో అన్యాయం చేసేవాళ్ళ మీద, విధవరాళ్ళనూ తండ్రిలేని పిల్లలనూ బాధపెట్టేవాళ్ళ మీద, పరదేశికి అన్యాయం చేసేవాళ్ళ మీద నేనే వచ్చి సాక్ష్యం చెప్తానంటాడు అందులో. ఆ వెంటనే అంటాడు నేను మారనని.

యాకోబు పత్రిక 1వ అధ్యాయం. దేవుడిలో ఏ మార్పూ లేదని అక్కడుంది. అదే పత్రిక 5వ అధ్యాయానికి రండి. కోత కోసినవాళ్ళకు ఎగ్గొట్టిన కూలి మొరపెడుతోందనీ, ఆ మొర దేవుడి చెవిన పడిందనీ ధనవంతుల్ని నిలదీస్తాడు.

హెబ్రీ పత్రిక 13వ అధ్యాయం. క్రీస్తు నిన్నా నేడూ ఎప్పుడూ ఒక్కటే అనే మాట అక్కడిది. అయిదు వచనాలు పైకి పోండి. జైల్లో ఉన్నవాళ్ళను, వాళ్ళతోపాటు మీరూ సంకెళ్ళలో ఉన్నట్టే తలుచుకోమంటాడు.

సంఖ్యాకాండం 23వ అధ్యాయం. మనసు మార్చుకోడానికి దేవుడు మనిషి కాదన్న మాట ఇక్కడుంది. ఎవరికి చెప్పారు? బాలాకు అనే రాజుకి. బానిసత్వం నుంచి బయటపడి వస్తున్న జనాన్ని చూసి హడలిపోయి, వాళ్ళను శపించమని బిలామును కూలికి పిలిపించాడు. ఒక కొండ మీద కుదరకపోతే ఇంకో కొండ, అక్కడా కుదరకపోతే మూడోది. ప్రతిచోటా ఏడు బలిపీఠాలు, ఏడు కోడెలు, ఏడు పొట్టేళ్ళు. దేవుణ్ణి కొనొచ్చనుకున్నాడు. ఆ మనిషికి చెప్పిన మాట అది: దేవుడు అమ్ముడుపోడు!

చూశారా? మారడన్న మాట కూలివాడికి చెప్పింది కాదు. కూలి ఎగ్గొట్టినవాడికీ, డబ్బుతో శాపాలు కొనేవాడికీ చెప్పింది. హెబ్రీ పత్రికలోనైతే, జైలుపాలైన వాళ్ళను ఒంటరిగా వదలొద్దన్న మాట పక్కన చెప్పింది.

మరి మారిందెప్పుడు? నిర్గమకాండం 32లో బంగారు దూడను చేసినందుకు జనాన్ని నాశనం చేస్తానంటాడు దేవుడు. మోషే ఎదురుగా నిలబడి వాదిస్తాడు. దేవుడు మానుకుంటాడు. యోనా గ్రంథంలో నీనెవె పట్నం దుర్మార్గం మానేస్తే, దేవుడు శిక్ష మానేస్తాడు. అక్కడ కోపం ఎవరికొచ్చింది? యోనాకొచ్చింది. పరాయి జాతి వాళ్ళ మీద కూడా జాలి చూపిస్తావా అని అలిగి కూర్చున్నాడు. దేవుడు మారినందుకు ఏడ్చే పెద్దమనుషులు అప్పుడూ ఉన్నారు!

అన్ని చోట్లా లెక్క ఇంత సాఫీగా సరిపోతుందని నేననను. ఆదికాండం 6లో మనుషుల్ని చేసినందుకు నొచ్చుకుని దేవుడు జలప్రళయం తెస్తాడు. అక్కడ మార్పు కాపాడ్డానికి కాదు. 1 సమూయేలు 15వ అధ్యాయంలోనైతే రెండు మాటలూ ఉన్నాయి. సౌలును రాజు చేసినందుకు పశ్చాత్తాపపడ్డానని దేవుడే అంటాడు. సౌలు పదవి కోసం కొంగు పట్టుకు బతిమాలితే, దేవుడు పశ్చాత్తాపపడడు అని సమూయేలు అంటాడు. అధ్యాయం చివర మళ్ళీ పశ్చాత్తాపపడ్డాడని ఉంటుంది. హీబ్రూలో మూడు చోట్లా ఒకే క్రియ. పైగా ఆ అధ్యాయంలోనే అమాలేకీయుల్ని పసిపిల్లలతో సహా చంపమన్న ఆజ్ఞ ఉంది. అలాంటి ఆజ్ఞను మనం సమర్థించం. కారంచేడు చూసినవాళ్ళం, చుండూరు చూసినవాళ్ళం ఎలా సమర్థిస్తాం?

మట్టపు గుండు

మరి దేనితో కొలవాలి? దానికి ఆమోసు దగ్గరకు పోదాం. ఈయన పండితుడు కాదు. పశువులు కాచుకుంటూ, మేడిచెట్లు చూసుకుంటూ బతికినవాడు. పేదవాణ్ణి చెప్పుల జత కోసం అమ్మేస్తున్నారని నిప్పులు చెరిగినవాడు. ఆయన గ్రంథం 7వ అధ్యాయంలో మూడు దర్శనాలు వరసగా వస్తాయి. మొదట మిడతల దండు. ఆమోసు అడ్డుపడి, యాకోబు చిన్నవాడు, ఎలా తట్టుకుంటాడు అంటాడు. దేవుడు మానుకుంటాడు. రెండోది అగ్ని. మళ్ళీ అదే మొర. మళ్ళీ మానుకుంటాడు. మూడోసారి దేవుడు ఒక గోడ మీద నిలబడి ఉంటాడు. చేతిలో మట్టపు గుండు.

ఇక్కడ తాపీ పని చేసేవాళ్ళున్నారు. మీకు నేను చెప్పక్కర్లేదు. దారానికి గుండు కట్టి వదిల్తే అది నిట్టనిలువుగా ఉంటుంది. కామందు మేడ దగ్గరైనా, మాదిగ గూడెంలో పాక దగ్గరైనా ఒకేలా ఉంటుంది. మేస్త్రీకి డబ్బులిచ్చినా అది వంగదు. గోడ వంకరగా ఉంటే గుండుని తిట్టి లాభం లేదు. గోడ విప్పి మళ్ళీ కట్టాలి.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. ఒకే అధ్యాయంలో దేవుడు రెండుసార్లు నిర్ణయం మార్చుకున్నాడు, మూడోసారి మారని గుండు పట్టుకుని నిలబడ్డాడు. ఇందులో వైరుధ్యం లేదు. ఆయన న్యాయం మారదు. న్యాయం మారదు కాబట్టే నిర్ణయాలు మారతాయి, చట్టాలు మారతాయి, ఊళ్ళు మారతాయి. ప్లేటో తర్కానికి కూడా జవాబు ఇందులోనే ఉంది. మంచితనంలో మార్పు లేనివాడు, ఎదుటివాడి కష్టం మారినప్పుడు చేసే పని మార్చకపోతే అది పరిపూర్ణత కాదు, రాతితనం. మనల్ని మోసం చేసినవాళ్ళు చేసింది ఒక్కటే: గుండు గురించి చెప్పిన మాటని తీసుకెళ్ళి గోడకు అంటించారు. దేవుడు మారడన్నదాన్ని ఊరు మారదని చదివారు.

ఆ తర్వాత కథ కూడా వినండి. బేతేలు గుడి యాజకుడు ఆమోసుని పిలిచి, ఇది రాజుగారి గుడి, ఇక్కడ మాట్లాడొద్దు, మీ ఊరెళ్ళి చెప్పుకో అన్నాడు. మనకు కొత్తగా వినపడుతోందా ఈ మాట?

అయిదుగురు ఆడపిల్లల అర్జీ

చట్టం మారుతుందా అని అడిగేవాళ్ళకు సంఖ్యాకాండం 27వ అధ్యాయం చూపించండి. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. సెలోపెహాదు కూతుళ్ళు. తండ్రి చనిపోయాడు, కొడుకుల్లేరు. ఆడపిల్లలకు భూమిలో వాటా లేదు. ఆ అయిదుగురూ గుడారం వాకిట్లో మోషే ముందు, యాజకుడి ముందు, పెద్దలందరి ముందు నిలబడి, మా నాన్న భూమి మాకెందుకు రాదు అని అడిగారు. మోషే దేవుణ్ణి అడిగాడు. దేవుడేమన్నాడు? నేను మారను, పొండి అన్నాడా? వాళ్ళు చెప్పింది న్యాయమే, ఇవ్వు అన్నాడు. వాళ్ళకివ్వడమే కాదు, అందరికీ చట్టంగా రాయించాడు.

అయితే 36వ అధ్యాయం కూడా చదవండి. ఆ వంశంలో మగపెద్దలు మళ్ళీ వచ్చి, వీళ్ళు బయటి గోత్రం వాళ్ళను పెళ్ళాడితే భూమి చెయ్యిదాటిపోతుందని పేచీ పెట్టి, షరతు పెట్టించారు. అర్జీ గెలిచాక ఇంటికెళ్ళి పడుకుంటే ఏమవుతుందో కూడా బైబిల్లోనే ఉంది. పట్టా చేతికొచ్చాక సర్వే రాయి జరిగిపోయిన ఊళ్ళు మనకెన్ని తెలియవు?

తండ్రుల దోషం మూడు నాలుగు తరాల దాకా పిల్లల మీదికి వస్తుందని నిర్గమకాండం 20లో ఉంది. యెహెజ్కేలు 18వ అధ్యాయంలో దేవుడు దాన్ని కాదంటాడు. తండ్రి పాపం కొడుకు మొయ్యడు, ఎవరి పని వాళ్ళదే అంటాడు. పూర్వజన్మ పాపమని మనకు చెప్పినవాళ్ళకు, పుట్టుకతోనే నీ చోటు ఇంతే అన్నవాళ్ళకు ఇంతకన్నా జవాబేం కావాలి?

అపొస్తలుల కార్యాలు 10వ అధ్యాయంలో పేతురు ఇంకా తిండి దగ్గరే ఆగి ఉన్నాడు. ఇది తినను, అది మైల, వాళ్ళింటికి పోను అంటాడు. దేవుడు పవిత్రం చేసినదాన్ని మైల అనొద్దని దర్శనంలో మూడుసార్లు చెప్పించుకున్నాక గాని కొర్నేలీ గడప తొక్కలేదు. మన తిండిని చూసి ముక్కు మూసుకునేవాళ్ళకు ఆ అధ్యాయం చదివి వినిపించండి.

ఆ గుడిలోనూ, మన చర్చిలోనూ

దేవుడు మారడు అనేవాళ్ళలో ఇంకో రకం ఉన్నారు. 1939 జూలై 8న మదురై మీనాక్షి గుడిలోకి వైద్యనాథ అయ్యర్ కొందరు దళితుల్ని తీసుకెళ్ళారు. మన కోస్తా, రాయలసీమ కూడా అప్పుడు అదే మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. గుడి మైలపడిందని కొందరు అర్చకులు పూజకు రావడం మానేశారు. చూడండి తమాషా! లోకాన్ని పుట్టించినా మారని దేవత మనం గడప తొక్కితే మారిపోతుందట. అదే నిజమైతే మనకంత శక్తి ఉందన్నమాట! మారేది దేవత కాదు, గడప మీద వాళ్ళ పెత్తనం.

మన ఇల్లు కూడా చూసుకుందాం. 1860ల చివర్లో ఒంగోలులో క్లౌ దొర దగ్గరకు బ్రాహ్మణులూ వచ్చారు, మాదిగలూ వచ్చారు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రామన్నారు వాళ్ళు. క్లౌ దొర, ఆయన భార్య కొరింథీ మొదటి పత్రిక 1వ అధ్యాయం చదువుకున్నారు. లోకం నీచంగా చూసినవాళ్ళనే దేవుడు ఎన్నుకున్నాడని ఉంది అందులో. మాదిగల్ని చేర్చుకున్నారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మరి ఆ మనుమలం మనమేం చేశాం? మాల చర్చి ఒకటి, మాదిగ చర్చి ఒకటి కట్టుకున్నాం. గుండు చర్చి గోడకు పెట్టినా వంకర కనబడుతుంది. దాసులారా యజమానులకు లోబడండి అనే పత్రికల మాటలు చెప్పి, కేసు రాజీ చేసుకోమనే అయ్యగార్లు ఉన్నారు. వాళ్ళను గౌరవంగానే అడగండి: అయ్యగారూ, మలాకీ 3లో 5వ వచనం మీద ప్రసంగం ఎప్పుడు చెప్తారు?

ఏడ్చే దేవుడు

చివరగా ఒక బరువైన ప్రశ్న. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది. ఆ తల్లులు అడుగుతారు, దేవుడు చూస్తూ కూర్చున్నాడా అని. కదలని దేవుడి దగ్గర ఆ ప్రశ్నకు జవాబు లేదు.

ఈ ప్రశ్న వేరే చోట కూడా పుట్టింది. యూదు పండితుడు అబ్రహాం హెషెల్ కుటుంబంలో చాలామందిని నాజీలు పొట్టనపెట్టుకున్నారు. 1962లో ప్రవక్తల మీద రాసిన పుస్తకంలో ఆయన, బైబిలు దేవుడు గ్రీకుల దేవుడు కాడు, మనుషుల బాధ తగిలి నొచ్చుకునే దేవుడు అని వాదించాడు. అలా రాసి ఊరుకోలేదు. 1965లో సెల్మాలో నల్లవాళ్ళ ఓటు హక్కు కోసం మార్టిన్ లూథర్ కింగ్‌తో కలిసి నడిచాడు. జర్మనీలో హిట్లర్ సైన్యంలో ఉండి, యుద్ధఖైదీగా మూడేళ్ళు గడిపిన యుర్గెన్ మోల్ట్‌మన్ 1972లో రాసిన పుస్తకంలో, సిలువ మీద బాధ దేవుడికే తగిలిందని చెప్పాడు. మన దేశంలో అరవింద్ నిర్మల్ 1980లలో దళిత దైవశాస్త్రానికి పునాది వేస్తూ, దేవుడు సేవకుడనీ, మన పాకీ పనీ మన చాకిరీ ఆయనవేననీ చెప్పాడు. చంపినవాడి గడ్డి కప్పు కింద కాదు, చచ్చినవాడి పక్కన ఆయన్ని వెతకమన్నారు వీళ్ళు.

నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. నేను అడిగేది పని. రేపు పల్లెకు పోయినప్పుడు అరుగు మీద పెద్దాయన దేవుడు మారడు అంటే, ఆయన్ని ఎగతాళి చెయ్యొద్దు. పక్కన కూర్చోండి. అవును తాతా, ఆయన మారడు, కూలి ఎగ్గొట్టినవాణ్ణి అప్పుడూ వదల్లేదు, ఇప్పుడూ వదలడు అనండి. మలాకీ చదివి వినిపించండి. అయిదుగురు ఆడపిల్లల అర్జీ కథ చెప్పండి. అది అయ్యాక మీ సంచీలోంచి మన అర్జీ కాగితం తియ్యండి. తాతనే మొదటి వేలిముద్ర వెయ్యమని అడగండి.

జై భీమ్.